చలువ తొట్టిలో చెడిన నూలుకు మగ్గము జవాబుదారీయా?

మన సంఘములలో తరచు వినవచ్చే ఫిర్యాదు ఒకటి వున్నది. చిలప తోడినప్పుడు నూలు బాగానే వున్నది. పడుగు తెగలేదు, పేక తెగలేదు. గుడ్డ మగ్గము దిగి, కొలతకూ తూకానికీ నిలిచి, మడతపడి అంగడికి వెళ్ళింది. కొన్నవారు సోడా వేసి ఉడికించి ఉతికిన మొదటిసారికే తువ్వాలు అంచు దగ్గర చీలింది. రెండవసారికి నడుమ జల్లెడ అయింది. సరుకు వెనుకకు వచ్చింది. అప్పుడు పుస్తకములో మజూరీ కోత ఎవరి పేరు ఎదుట వ్రాస్తున్నారు? నేసినవాని పేరు ఎదుట.

ఈ కోత అన్యాయమని మేము అంటున్నాము. నూలు పరీక్ష చేయించకుండా, ఏ తొట్టిలో ఏ రోజున చలువ చేసిన నూలో అడగకుండా, నేతగాని మజూరీలో ఒక్క రూపాయి కూడా పట్టుకోరాదు. ఇట్లు ఎందుకు అంటున్నామో కొంచెము విపులముగా చెప్పవలసి వున్నది. విషయము రసాయన శాస్త్రములోనిది. అయినను మన వంటయిళ్ళలోను, తొట్ల దగ్గరను దినదినము జరిగే సంగతే గనుక, షోలాపూరులో తువ్వాళ్ళు, దుప్పట్లు నేసే కుటుంబములకు గాని, సేలము, కోయంబత్తూరు ప్రాంతములలో ధోవతులు, చీరెలు నేసే కుటుంబములకు గాని అర్థము కాకపోదు. బరంపురము పట్టు నేతవారికి మాత్రము ఈ వ్యాసముతో పని తక్కువ. పట్టు జాతి వేరు. బ్లీచింగు పౌడరు నీళ్ళలో పట్టు వేస్తే చెడడము కాదు, కరిగే పోతుంది. అయితే పట్టుతో నూలు కలిపి నేసేవారు చదవడము మంచిది.

పత్తి పోగులో నూటికి తొంభై పాళ్ళకు పైగా వున్నది సెల్యులోజు అనే పదార్థము. 1838లో పాయెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని వేరుచేసి గుర్తించినాడు. చక్కెర జాతికి చెందిన గ్లూకోజు అణువులు వేల సంఖ్యలో ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నిలబడిన గొలుసు అది. గొలుసు పొడవుగా వున్నంతకాలము పోగుకు బలము. గొలుసు తునకలైతే, పోగు కంటికి పోగుగానే కనబడుతుంది గాని లాగితే నిలవదు. ప్రాణవాయువు, అనగా ఆక్సిజను, మితిమీరి ఈ గొలుసు మీద పనిచేసినప్పుడు ఏర్పడే మారిన సెల్యులోజుకు ఆక్సీసెల్యులోజు అని పేరు. మన తువ్వాలును జల్లెడ చేసినది ఇదే.

చలువ చేయడము కూడా ఆక్సిజను పనే. ముడి నూలులోని పసుపుదనమును అది కాల్చివేస్తుంది. రంగును తినే మందు పోగును కూడా తినగలదు. ముందు రంగు పోతుంది, తరువాత పోగు పోతుంది; ఆ రెంటి నడుమ వున్న కొద్దిపాటి వ్యవధిలోనే నూలును తొట్టిలోనుంచి తీయవలెను. పూర్వము ఐరోపాలో గుడ్డలను పచ్చిక బయళ్ళలో నెలల తరబడి ఎండకు ఆరవేసి తెల్లబరిచేవారు. ఆ పద్ధతిలో పోగుకు ముప్పు తక్కువ, ఆలస్యము ఎక్కువ. 1774లో షీలే అనే శాస్త్రజ్ఞుడు క్లోరిన్ వాయువును కనుగొన్నాడు. కొద్దికాలములోనే ఫ్రాన్సులో బెర్తొలే దానిని చలువకు వాడి చూపినాడు. 1799లో స్కాట్లండు దేశస్థుడైన చార్లెస్ టెన్నెంటు ఆ వాయువును సున్నములో పట్టి పొడిగా చేసి పేటెంటు తీసుకున్నాడు. మన అంగళ్ళలో దొరికే బ్లీచింగు పౌడరు అదే. ఈ టెన్నెంటు చిన్నతనములో కిల్బార్కన్ అనే వూరిలో చేతిమగ్గము పని నేర్చుకున్నవాడు. మన వృత్తివాడు కనిపెట్టిన పొడి మన వృత్తినే కోస్తున్నదే అని నవ్వుకోవచ్చు. కాని తప్పు పొడిది కాదు, కొలత లేని చేతిది.

నెలల పని గంటలలోకి వచ్చిన తరువాత పోగు చెడడము కూడా అంత త్వరగాను మొదలయింది. 1880 దశకము ఆరంభములో ఫ్రాన్సులోని రూఆన్ అనే అద్దకపు పట్టణములో జార్జి విట్జ్ అనే ఆయన, మితిమీరి చలువ చేసిన గుడ్డలో సెల్యులోజు మారిపోతున్నదని గుర్తించి, దానికి ఆక్సీసెల్యులోజు అన్న పేరు పెట్టినాడు. అట్టి గుడ్డ మిథిలీన్ బ్లూ అనే నీలి రంగును మంచి గుడ్డకంటె ఎక్కువగా పట్టుకుంటుందని కూడా ఆయన చూపినాడు. ఆ నీలి రంగు పరీక్ష ఈ నాటికీ పనికివస్తుంది. దాని సంగతి తరువాత చెప్పుతాము.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి 1920 దశకములో మాంచెస్టరు దగ్గర షర్లీ ఇన్‌స్టిట్యూటులో తేలింది. అక్కడ క్లిబ్బెన్సు, రిడ్జి మొదలైన పరిశోధకులు చలువ నీళ్ళ పులుపును, క్షారమును మార్చి మార్చి చూచి, పోగు అన్నిటికంటె వేగముగా చెడేది గట్టి క్షారములో కాదు, పులుపూ క్షారమూ కాని మధ్యస్థితిలో, అనగా పి.హెచ్. 7 ప్రాంతములో అని నిర్ణయించినారు. ఈ ఒక్క ముక్క మన చలువ తొట్ల దగ్గర పలకమీద వ్రాసి వేలాడదీయవలెను. కొత్తగా కలిపిన బ్లీచింగు పౌడరు తేటలో సున్నము వుండడము వలన క్షారము ఎక్కువ. పోగుకు కొంత రక్ష వున్నది. చిలపలు వేసిన కొద్దీ, చలువలో పుట్టే ఆమ్లము చేతను, గాలిలోని బొగ్గుపులుసు వాయువు చేతను, ఆ క్షారము తరిగిపోతుంది. నీళ్ళు చూడడానికి బలహీనముగా కనబడుతున్నవి గనుక ‘ఇంకొక గంట వుండనీ’ అంటారు. సరిగా అప్పుడే అవి 7 వైపుకు దిగుతున్నవి. తొందరగా తెల్లబడుతుందని కొందరు ఆమ్లము చుక్కలు కూడా వేస్తారు. అది పోగుకూ విషమే, తొట్టి మీద వంగి పనిచేసేవారి ఊపిరితిత్తులకూ విషమే. క్లోరిన్ వాయువు పైకి లేస్తుంది.

పద్ధతి తెలిసిన చోట చేసేదేమిటి? లీటరు నీటికి ఒకటి మొదలు మూడు గ్రాముల దాకా పనిచేసే క్లోరిన్ వుండేటట్లు కొలిచి కలుపుతారు. సోడా వేసి పి.హెచ్. 9కి దిగకుండా, 10 ప్రాంతములో నిలుపుతారు. నీటిని వేడి చేయరు. గంట, రెండు గంటలకు తీసి, కడిగి, మిగిలిన క్లోరిన్‌ను హైపోతోగాని బైసల్ఫైటుతోగాని చంపి మళ్ళీ కడుగుతారు. ఇనుప తుప్పు, రాగి తగలనివ్వరు. ఈ లోహముల సంగతి పెరాక్సైడు చలువకు మరీ ముఖ్యము. తుప్పు మరక వున్న చోటల్లా సూదితో పొడిచినట్లు రంధ్రములు పడతవి. పి.హెచ్. చూచే కాగితపు పట్టీల పుస్తకము రసాయనముల అంగడిలో దొరుకుతుంది. చారెడు, దోసెడు అని పౌడరు కొలిచే చోట ఆ పుస్తకము కనబడదు.

ఇక మన ఫిర్యాదుకు మూలమైన సంగతి. ఆక్సీసెల్యులోజులో రెండు తెగలు వున్నవి. క్షారము ఎక్కువైన నీళ్ళలో ఆమ్ల గుణముగల తెగ పుడుతుంది. పులుపు లేక మధ్యస్థితి నీళ్ళలో ఆల్డిహైడు గుణముగల తెగ పుడుతుంది. ఈ రెండవది మోసకారి. పొడి నూలులో దాని దెబ్బ పూర్తిగా బయటపడదు. చిలప తోడే మన ఆడవారి వేళ్ళకు తెలియదు, కండె చుట్టేటప్పుడు తెలియదు, పన్నెలో తెలియదు, సంఘములో గుడ్డ లాగి చూచే గుమాస్తాకు తెలియదు. సోడా నీళ్ళలో ఉడికినప్పుడు, ముందే బలహీనపడి అతుకుతో నిలిచిన గొలుసు అప్పుడు పటపట తెగుతుంది. అనగా నూలు చచ్చినది చలువ తొట్టిలో. శవము బయటపడినది కొన్నవారి ఉతుకు బానలో. నడుమ దానిని మోసినవాడు నేతగాడు. మోసినవానికి శిక్ష వేస్తున్నాము!

ప్రతి చినుగూ ఆక్సీసెల్యులోజే అనడము లేదు. ఆమ్లము సరిగా కడగక ఆరబెట్టినా నూలు చెడుతుంది. గంజి పట్టిన పడుగుకు బూజు పట్టినా చెడుతుంది. కొన్ని పసుపు, నారింజ వ్యాట్ రంగులు వేసిన నూలు ఎండలో వుంటే ఆ రంగే ఆక్సిజనును పోగు మీదికి తోలుతుంది. కిటికీ తెరలు ఆ రంగు చారల వెంబడే చీలడము చాలామంది చూచియే వుంటారు. నేతలో లోపములు కూడా వుంటవి, లేవని ఎవరన్నారు? ఏ కారణమో తేల్చనిదే కోత వేయవద్దు అన్నదే మా మాట.

ఇంతవరకు ఆక్సీసెల్యులోజును దూషించినాము. న్యాయముగా దాని రెండవ ముఖము కూడా చెప్పవలెను. అది మన వాదమునకు బలమే ఇస్తుంది.

1942లో అమెరికాలో ఫోటో ఫిల్ములు చేసే ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ ప్రయోగశాలలో యాకెల్, కెన్యన్ అనే ఇద్దరు, సెల్యులోజును నైట్రొజను డయాక్సైడు వాయువులో వుంచి, గొలుసు రూపు నిలిచి వుండగానే దానిని ఆమ్ల గుణముగలదిగా మార్చే పద్ధతిని ప్రకటించినారు. అట్లు మార్చిన గుడ్డ గుడ్డగానే వుంటుంది, కాని పలుచని క్షారపు నీళ్ళలో కరిగిపోతుంది. మనకు శాపమైన గుణమే గదా! అయితే మనిషి రక్తము కూడా కొంచెము క్షార గుణము గలదే. 1943లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయములో పనిచేసిన వర్జీనియా ఫ్రాంజ్ అనే వైద్యురాలు, ఈ గుడ్డను దేహములో వుంచితే కొద్ది రోజులలో దేహమే దానిని జీర్ణము చేసుకుంటుందని చూపినది. అదే సంవత్సరము పట్నము అనే మెదడు శస్త్రవైద్యుడు దీనిని ఆపరేషనులలో వాడిన సంగతి ప్రకటించినాడు. యుద్ధకాలము, రక్తము ఆపే సాధనము ఏది దొరికినా విలువగలదే.

దాని పని తీరు ఇట్లా వుంటుంది. దారము వేసి కట్టడానికి వీలులేని చోట, కాలేయము వంటి మెత్తని అవయవము నుంచి సన్నగా రక్తము చెమర్చుతూ వుంటే, ఈ గుడ్డ ముక్కను అక్కడ అద్ది పట్టుకుంటారు. రక్తము తగలగానే అది ఉబ్బి నల్లని జిగురు ముద్దగా మారి రంధ్రములను మూస్తుంది. దానిలోని పులుపు చాలా సూక్ష్మక్రిములకు కూడా పడదు. గాయము నిలిచిన తరువాత మిగిలిన కొద్ది ముక్క ఒకటి రెండు వారములలో కరిగి పోతుంది. తరువాత పత్తికి బదులు రేయాన్ దారముతో అల్లిన గుడ్డను ఈ విధముగా మార్చి, 1960లో సర్జిసెల్ అనే పేరుతో అమెరికాలో విడుదల చేసినారు. నేటికీ ఆసుపత్రులలో వాడుతున్నారు. దీనికీ జాగ్రత్తలు వున్నవి. ఉబ్బే గుణము వలన వెన్నుపాము వద్ద, కంటి నరము వద్ద లోపల వదిలివేయరాదు. ఆవిరిలో ఉడికించి శుద్ధి చేయరాదు, చెడిపోతుంది. కిరణములతోనే శుద్ధి చేయవలెను.

ఇందులో మనము చూడవలసిన అంకె ఒకటి వున్నది. వైద్యమునకు పనికివచ్చే ఆక్సిడైజ్డు సెల్యులోజులో ఆమ్ల భాగము, కార్బాక్సిల్ అనేది, నూటికి 16 నుంచి 24 పాళ్ళ నడుమ వుండవలెనని అమెరికా ఔషధ ప్రమాణము. తక్కువైతే కరగదు, ఎక్కువైతే గుడ్డగా నిలవదు. ప్రతి దఫా సరుకునూ పరీక్షించి, నెంబరు వేసి, పెట్టె మీద తేదీ వేసి పంపుతారు. మన తొట్టిలో చెడిన నూలులో ఆ భాగము సాధారణముగా నూటికి ఒకటి కూడా వుండదు. ఆ కొద్దిపాటికే మన తువ్వాలు గతి అట్లయింది. అక్కడ అంత తీవ్రమైన మార్పును కొలిచి అమ్ముతున్నారు. ఇక్కడ ఇంత చిన్న మార్పును కొలవక మజూరీ కోస్తున్నాము.

మోసకారి అని మేము తిట్టిన ఆల్డిహైడు తెగకు కూడా గౌరవము దక్కినది. పెరయొడేటు అనే ఉప్పుతో ఆ తెగను కావాలని తయారుచేస్తే, మాంసకృత్తులు దానిని గట్టిగా పట్టుకుంటవి. పుండులోని చెడు పదార్థమును తినివేసే ఎంజైములను అట్లు గుడ్డకు అతికించి కట్లుగా వాడవచ్చును. జీవసాంకేతిక ప్రయోగశాలలలో ఎంజైములు నిలిపే ఆధారముగా కూడా వాడుతున్నారు. జపానులో టోక్యో విశ్వవిద్యాలయమునకు చెందిన ఇసోగై, సైటో మొదలైనవారు టెంపో అనే మందుతో కట్టె గుజ్జును ఆక్సీకరణము చేసి, మిల్లీమీటరులో పదిలక్షల వంతులు మూడు నాలుగు మాత్రమే మందముగల అతి సన్నని పోగులుగా విడదీసినారు. 2015లో వారికి మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమానము వచ్చినది. పెన్నుల సిరా చిక్కదనమునకు, వాసన రాని పెద్దల డయపర్లకు ఆ పోగులు వాడుకలోకి వచ్చినవి. నూరవ కౌంటు నూలు సన్నదనము గురించి గొప్పలు చెప్పుకునే మనకు ఈ పోగు ముందు తల వంచక తప్పదు.

ఈ సంగతులు చదివి మన యువకులలో కొందరు ఉత్సాహపడవచ్చు. చదువుకొమ్మనే మా సలహా. సేలములో 1960లో నెలకొన్న చేనేత సాంకేతిక విద్యాలయము వున్నది. కోయంబత్తూరులో 1956 నుంచి పనిచేస్తున్న సిట్రా పరిశోధన సంస్థలో వైద్య వస్త్రముల కొరకు ప్రత్యేక కేంద్రమే వున్నది. కాని ‘ఇంటి మగ్గము మీద రక్తము ఆపే గుడ్డ నేయండి, లక్షలు వస్తవి’ అని ఎవరైనా ముందుగా డబ్బు కట్టమంటే నమ్మవద్దు. ఆ గుడ్డ నేసినది కాదు, అల్లినది. దానిని మార్చే వాయువు ప్రాణము తీసేది. శుద్ధి, లైసెన్సు, పరీక్షలు పెద్ద ఫ్యాక్టరీకే సాధ్యము. రాజపాళయము దగ్గర ఛత్రపట్టిలో వలె బ్యాండేజీ గుడ్డ నేయడము వేరు, దేహము లోపల వదిలే గుడ్డ చేయడము వేరు.

మరి మన చేతిలో వున్నదేమిటి? ఒక పరీక్ష వంటయింటిలోనే చేయవచ్చును. చలువ చిలప వచ్చిన రోజున రెండు మూరల నూలు తీసి రెండు ముక్కలు చేయవలెను. ఒకటి అట్లే వుంచి, రెండవది బట్టల సోడా వేసిన నీళ్ళలో గంటసేపు ఉడికించి, కడిగి, ఆరబెట్టవలెను. రెండు పోగులనూ లాగి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది. ఉడికినది చాలా సులువుగా తెగితే ఆ చిలపను మగ్గము ఎక్కించవద్దు. నీలి రంగు పరీక్షకు వెయ్యి పాళ్ళ నీటికి ఒక పాలు మిథిలీన్ బ్లూ కలిపి, దానిలో సందేహమున్న నూలునూ, బాగున్నదని తెలిసిన చలువ నూలునూ కలిపి ముంచి, బాగా కడగవలెను. నీలము వదలకుండా ముదురుగా నిలిచినది చెడినది. అయితే ముడి నూలు, గంజి నూలు కూడా నీలము పట్టుతవి గనుక వాటికి ఈ పరీక్ష చెల్లదు. ఆల్డిహైడు తెగ కూడా దీనికి సరిగా చిక్కదు, దానికి సోడా ఉడుకే మేలు.

తగవు వచ్చినప్పుడు ఇంటి పరీక్ష చాలదు. ప్రయోగశాలలో నూలును కుప్రమ్మోనియము ద్రావణములో కరిగించి అది ఎంత పలుచగా పారుతున్నదో కొలుస్తారు. గొలుసులు తునకలైన కొద్దీ పలుచన ఎక్కువ. దీనికి ఫ్లూయిడిటీ అని పేరు. బాగా చేసిన చలువలో ఈ అంకె 5 ప్రాంతములో వుంటుంది, 10 దాటితే నూలు దెబ్బతిన్నట్లే. సిట్రా వంటి సంస్థల నుంచి వచ్చిన అంకె కాగితము మీద వుంటే గుమాస్తాకూ నేతగానికీ వాదము అవసరము లేదు.

కావున ప్రతి సంఘమూ, నూలు ఇచ్చే ప్రతి సావుకారూ, చలువ చేసిన ప్రతి దఫాకు ఒక నెంబరు వేయవలెనని మేము కోరుతున్నాము. ఆ నెంబరూ, తేదీ, చలువ చేసినవారి పేరూ నేతగానికిచ్చే చీటీలో వుండవలెను. ప్రతి దఫా నుంచి ఒక చిలపను ఇరువర్గముల సంతకముతో కట్టి బీరువాలో వుంచవలెను. గుడ్డ వెనుకకు వస్తే ఆ చిలపనే పరీక్షకు పంపవలెను. ఫలితము వచ్చేవరకు మజూరీ పూర్తిగా చెల్లించవలెను. తొట్టి తప్పు అని తేలితే నష్టము చలువ చేసినవారిది. ఖర్చు ఎక్కువ అని సంఘములు అనవచ్చు. ప్రతి చిలపనూ పంపమనడము లేదు, తగవు వచ్చినప్పుడే పంపమంటున్నాము. ఒక బేలు తువ్వాళ్ళు వెనుకకు వచ్చిన రవాణా ఖర్చును పుస్తకములో చూచుకొని తరువాత మాట్లాడండి.

కొనేవారిదీ కొంత బాధ్యత వున్నది. పాలకంటె తెలుపు కావలెనని పట్టుబట్టే వర్తకులే తొట్టిలో ఇంకొక దోసెడు వేయిస్తున్నారు. మితముగా చలువ చేసి, ఆఖరున నీలిమందుగాని వెలుగు మందుగాని వేస్తే కంటికి అదే తెలుపు వస్తుంది, పోగు బ్రతుకుతుంది. ఈ సంగతి వర్తకులకు చెప్పవలసినది సంఘ కార్యదర్శులు.

మహారాష్ట్రములో, తమిళనాడులో, కర్ణాటకములో, ఒడిశాలో, యానాములో వున్న మన సంఘములు వచ్చే సర్వసభ్య సమావేశములలో ఈ నెంబరు చీటీ, చిలప నిలువ సంగతులను తీర్మానముగా పెట్టి, ఆమోదించినదీ లేనిదీ ఈ పత్రికకు వ్రాసి పంపవలెనని కోరుతున్నాము. వచ్చిన జవాబులను సంఘము పేరుతో సహా ప్రకటిస్తాము.